ఆ కంపు వీడియోలో రాదు
డిజిటల్ మీడియా వ్యాపారం నుంచి పర్యావరణ ప్రచారంలోకి వచ్చిన ఒక కరీబియన్ పెద్దమనిషి, తమ దీవుల కష్టం లోకానికి తెలియాలంటే మంచి వీడియోలు చాలంటున్నారు. ఆ 'చాలు' దగ్గరే నాకు పేచీ. మా అమ్మాయి బార్బడోస్‌లో వైద్యం చదువుతుంటే చూడడానికి వెళ్లాను, నీలి సముద్రం ఫొటోలు చూసి మురిసిపోతూ. తీరా చూస్తే ఒడ్డున మోకాలెత్తు సర్గాసం నాచు, కుళ్లిన కోడిగుడ్ల కంపు! ఆ కంపు గాలికి కొద్ది రోజులకే నా వెండి మట్టెలు నల్లబడ్డాయి. 2011 నుంచి ఆ బెడద ఉంది. 2018లో అక్కడ అత్యవసర పరిస్థితి కూడా ప్రకటించారు. నాచు తీయడానికి యంత్రాలు దింపితే ఇసుకలోని తాబేలు గుడ్లు నలిగిపోతాయి. మరి చేత్తో ఎత్తడానికి కూలి ఎవరిస్తారు? మేము దిగిన ఇంటావిడ మాత్రం రోజూ పొద్దున్నే పార, గంప పట్టుకుని తన వాకిలి మేర నాచు ఎత్తేసేవారు.