ఉగ్గాని బండి దగ్గర మూడు సెకన్ల కారు

అనంతపురం టవర్ క్లాక్‌కు కూతవేటు దూరంలో, ఉదయం ఆరున్నరకు ఉగ్గాని బాణలి దింపి బజ్జీల నూనె పొయ్యి మీదికి ఎక్కించే ఒక తోపుడు బండి ఉంది. ప్రపంచ మోటారు వాహన పరిశ్రమ భవిష్యత్తు గత కొన్ని నెలలుగా ఆ బండి దగ్గరే నిర్ణయమవుతోందన్న సంగతి డెట్రాయిట్‌కు గాని, జర్మనీకి గాని, జపానుకు గాని ఇంకా చేరకపోవడం విచారకరం. చేరి ఉంటే 2030 నాటికి 35,000 ఉద్యోగాలు తగ్గించుకోవడానికి ఫోక్స్‌వాగన్ 2024 డిసెంబరులో కార్మిక సంఘంతో ఒప్పందం కుదుర్చుకోవలసి వచ్చేది కాదు. 20,000 మందిని తగ్గిస్తామని, ఏడు కర్మాగారాలు మూసేస్తామని నిస్సాన్ 2025లో ప్రకటించవలసిన అగత్యమూ కలిగేది కాదు. రెండు ప్లేట్ల ఉగ్గానితో తేలిపోయే వ్యవహారానికి వారు సలహాదారులను పెట్టుకుని కోట్లు పోశారు.

ఆ బండి చుట్టూ చేరే మా సభ ముందు ప్రస్తుతం ఉన్న అంశం ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు. దీని మీద అభిప్రాయం చెప్పడానికి మా సభ ఒకే ఒక్క అర్హతను నిర్ణయించింది: సభ్యుడు ఆ కారును కంటితో చూసి ఉండకూడదు. చూసినవాడికి ఏదో ఒక అనుమానం మిగిలిపోతుంది. ఎక్కినవాడు సీటు ఇరుకు, నడుము నొప్పి వంటి అల్పవిషయాలలోకి దిగిపోయి చర్చ స్థాయిని తగ్గిస్తాడు. ఫోనులో నలభై సెకన్ల వీడియో చూసినవాడికి అటువంటి బలహీనతలేవీ ఉండవు. అందువల్లనే మా సభలో ఇంతవరకు ఒక్క తీర్మానం కూడా సందిగ్ధంగా వెలువడలేదు.

చర్చకు మూలకారణమైన బండి 2025 జులైలో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఎం.జి. సైబర్‌స్టర్. తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి, పైకప్పు వెనక్కి ముడుచుకుంటుంది, నిలబడిన చోటి నుంచి నూరు కిలోమీటర్ల వేగానికి 3.2 సెకన్లలో చేరుతుంది, వచ్చినప్పటి ధర సుమారు 75 లక్షలు. ఈ వివరాలు వినగానే, ఖజానా శాఖలో ముప్పై ఏళ్లు బిల్లులు కొట్టివేసి రిటైరైన మా గణాంకాల సభ్యుడు జేబులోంచి పెన్ను తీసి, బజ్జీ పొట్లం కట్టిన కాగితం మీద లెక్క వేశారు. 2025-26 సంవత్సరానికి వేరుశనగకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ లెక్కన కారు విలువ 1,032 క్వింటాళ్ల బుడ్డలు. వాన కరుణించి, ఊడలు దిగే వేళకు మరొక్క పదును పడి, ఎకరాకు మూడు క్వింటాళ్లు చేతికొస్తాయనుకుంటే 344 ఎకరాల పంట. అదీ విత్తనం, మందు, కూలీ, అడవిపందులు అన్నీ ఉచితమనుకుంటేనే. నూనె మరకల మధ్య నుంచి ఆ అంకె తేలగానే సభలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక సభ్యుడు, "అంతుంటే నేను కారెందుకు కొంటానప్పా, ఎమ్మెల్యేగా నిలబడతా" అన్నాడు. అది రికార్డులకు ఎక్కలేదు.

రెండవ అభ్యంతరం శబ్దానికి సంబంధించినది. సైలెన్సరు పీకేసిన బుల్లెట్టు మీద సభకు వచ్చే యువ ప్రతినిధి, అతడు రాకముందే అతడి రాక మూడు వీధులకు తెలుస్తుంది, చప్పుడు లేని స్పోర్ట్స్ కారు ఉప్పు లేని సంగటి వంటిదని వాదించాడు. అతణ్ణి తేలికగా తీసిపారేయడానికి వీలులేదు, ఎందుకంటే అమెరికాలో డాడ్జ్ కంపెనీ ఇంజనీర్లు సరిగ్గా అదే అభిప్రాయానికి వచ్చారు. వారి 'చార్జర్ డేటోనా' అనే ఎలక్ట్రిక్ కారులో పెట్రోలు లేదు, పొగ లేదు, పొగగొట్టంతో పని లేదు. అయినా పొగగొట్టం గర్జనను పుట్టించే ఒక యంత్రాన్ని ప్రత్యేకంగా తయారుచేసి, 126 డెసిబెళ్ల దాకా అరిచేటట్టు అమర్చారు. హ్యుందాయ్ వారు అయానిక్ 5 ఎన్‌లో లేని గేర్లు మారుతున్నట్టు కుదుపు కూడా ఏర్పాటు చేశారు. పోయిన తాతగారి దగ్గును రికార్డు చేసి ప్రతి ఉదయం వసారాలో వినిపించడం వంటి ఈ భక్తిని మా సభ ఏకగ్రీవంగా అభినందించింది.

విద్యుత్తు కారు నిన్న మొన్న పుట్టిందని నమ్మే సభ్యులకు నేను వినయపూర్వకంగా ఒక సంగతి చెప్పాను. గంటకు నూరు కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటిన కారు పెట్రోలుది కాదు, బ్యాటరీది. 1899 ఏప్రిల్‌లో ఫ్రాన్సులో, తుపాకీ గుండు ఆకారంలో ఉన్న ఒక బండిని కమీల్ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు 105 కిలోమీటర్లకు పైగా వేగంతో నడిపాడు. దాని పేరు లా జమే కొంతాంత్, అంటే ఎన్నటికీ తృప్తి చెందనిది. కారు చరిత్ర మీద సభకు ఆసక్తి కలగలేదు గాని, ఆ పేరు మాత్రం గణాంకాల సభ్యుడికి శాశ్వతంగా స్థిరపడింది.

ఇక పరిశ్రమ కష్టాల విషయం. ఇందులో మా ప్రాంతానికి అధికారికంగా మాట్లాడే హక్కు ఉంది, ఎందుకంటే కియా కర్మాగారం పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలలో వెలసింది. 2022లో జిల్లా విడిపోయి పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాకు పోయినప్పటికీ, కారు మాత్రం అనంతపురానిదేనన్న విషయంలో మా సభలో భేదాభిప్రాయం లేదు. ఊరు పోయినా పేరు మనకే ఉండాలన్నది న్యాయం. కర్మాగారం నుంచి సెల్టోస్ బయటికి వచ్చిన ముహూర్తం కూడా గమనించదగినది: 2019 ఆగస్టు. దేశంలో కార్ల అమ్మకాలు రెండు దశాబ్దాలలో ఎన్నడూ లేనంతగా పడిపోయి, డీలర్లు షట్టర్లు దించుకుంటున్న నెల అది. ఆ మరుసటి నెలలోనే ఆర్థిక మంత్రి, యువతరం సొంత కారు వాయిదాలకు బదులు ఓలా, ఉబర్, మెట్రోల వైపు మొగ్గడం కూడా ఈ మందగమనానికి ఒక కారణమని సెలవిచ్చారు. మెట్రో ఎక్కి మోటారు పరిశ్రమను దెబ్బతీశామన్న అపవాదు మా ఊరి యువకుల మీద కూడా పడింది. మెట్రో ఎక్కడ ఆగుతుందో చెబితే వెళ్లి ఎక్కుతామని వారు ఇప్పటికీ అడుగుతున్నారు.

కష్టకాలంలో ఎలా ప్రవర్తించాలో కూడా పెద్ద కంపెనీలను చూసి నేర్చుకోవలసిందే. 2008 నవంబరులో అమెరికాలోని మూడు పెద్ద కార్ల కంపెనీల అధిపతులు, చేతిలో చిల్లిగవ్వ లేదు, 2,500 కోట్ల డాలర్లు అప్పు ఇప్పించండని ప్రభుత్వాన్ని అడగడానికి వాషింగ్టన్‌కు వెళ్లారు. ముగ్గురూ ఎవరి విమానంలో వారు వెళ్లారు. సొంత విమానంలో భిక్షకు వచ్చారేమని చట్టసభ సభ్యులు చీవాట్లు పెట్టడంతో, మరుసటి నెలలో కార్లలో వచ్చారు. కార్ల కంపెనీల అధిపతులకు కారు ఉందన్న సంగతి జ్ఞాపకం రావడానికి అంత పెద్ద సంక్షోభం అవసరమైంది. 2009లో క్రైస్లర్, జనరల్ మోటార్స్ రెండూ దివాలా పిటిషన్ వేశాయి. అదే రోజుల్లో టెస్లా అనే చిన్న కంపెనీ ఒక ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారును అమ్ముతూ, ప్రభుత్వం దగ్గర 46.5 కోట్ల డాలర్ల రుణం తీసుకుని, 2013లో గడువుకు చాలా ముందే తీర్చేసింది. రుణమాఫీ ప్రకటన వెలువడక ముందే అప్పు తీర్చేయడం ఎంతటి తొందరపాటో తెలిసిన మా సభ ఈ విషయంలో తీవ్రంగా నొచ్చుకుంది.

ఆ కారు పేరు రోడ్‌స్టర్. 2008లో వచ్చింది. 6,831 చిన్న చిన్న బ్యాటరీలను పేర్చి చేసిన దానితో ఒక చార్జింగుకు సుమారు 390 కిలోమీటర్లు నడుస్తుందని చెప్పారు. బెంగళూరులో అల్లుడున్న ఒక సభ్యుడు వెంటనే దారిఖర్చు లెక్కలోకి దిగి, ఇక్కడి నుంచి వెళ్లి అల్లుడి ఇంట్లో ప్లగ్గు అడగకుండా వెనక్కి బయలుదేరితే, చెన్నేకొత్తపల్లి దాటిన తరువాత, మరూరు టోల్‌గేటు రాకముందే బండి ఆగిపోతుందని తేల్చారు. దీనివల్ల టోలు రుసుము మిగులుతుందని ఆయన దాన్ని కారు సుగుణాలలో చేర్చారు. అల్లుణ్ణి కరెంటు అడగడం మర్యాద కాదన్న అంశం మీద ఎవరూ వాదించలేదు.

రెండవ తరం రోడ్‌స్టర్‌ను 2017 నవంబరులో వేదిక మీదికి తెచ్చి, 2020లో ఇస్తామని, బుకింగ్‌కు 50,000 డాలర్లు కట్టమని అన్నారు. 2020 వచ్చింది, పోయింది. ఆ తరువాత ఎన్నికలు వచ్చాయి, పోయాయి. కొన్నవారి వాకిట్లోకి బండి మాత్రం రాలేదు. చీటీ పాట పాడినవాడికైనా నెలనెలా ఏదో ఒక కబురు అందుతుందని మా వాళ్లు అన్నారు గాని, ఇది అన్యాయమైన పోలిక. ఎందుకంటే 2018 ఫిబ్రవరిలో పాత రోడ్‌స్టర్ ఒకదాన్ని రాకెట్టుకు కట్టి అంతరిక్షంలోకి పంపారు, స్టీరింగు ముందు ఒక బొమ్మను కూర్చోబెట్టి మరీ. అది ఈ రోజుకూ సూర్యుడి చుట్టూ తిరుగుతోంది. డబ్బు కట్టినవారు తలెత్తి చూసుకోవచ్చు. స్పీడ్‌బ్రేకర్ లేని దారి ఆ కారుకు చివరికి అక్కడ దొరికింది. మా వీధి మలుపు నుంచి ఉగ్గాని బండి దాకా స్పీడ్‌బ్రేకర్లు ఏడు ఉన్నాయి, మూడింటికి అనుమతి కూడా లేదు.

ఇంత జరుగుతున్నా సభలో నోరు విప్పని సభ్యుడు ఒకరున్నారు. పక్క సందులో బోరు మోటార్లకు వైండింగ్ కట్టే మేస్త్రి. ఆయన షాపు గడప దాటగానే కాలిన ప్లాస్టిక్ వాసన తగులుతుంది. పొడవాటి సబ్‌మెర్సిబుల్ మోటార్లు నేల మీద వరుసగా పడుకుని ఉంటాయి. ప్రతి దాని మెడకు రైతు ఊరి పేరు సుద్దముక్కతో రాసి ఉంటుంది. ఒకటి ఫేజు పోయి కాలింది, ఒకటి ఓల్టేజీ చాలక కాలింది, ఒకటి బోరులో నీళ్లడుగంటినా తిరిగి తిరిగి కాలింది. నల్లబడిన రాగి తీగను పీకి గోనె సంచిలో వేసి, ప్లాస్టిక్ పొర చుట్టిన కొత్త తీగను ఒక్కొక్క గాడిలోంచి, సూదిలోకి దారం ఎక్కించినంత ఓపికగా లాగి, లెక్క తప్పకుండా చుట్లు వేస్తారాయన. మధ్యలో ఫోను మోగితే తీయరు. ఒక చుట్టు తప్పితే మళ్లీ మొదటికే.

ఆయనను ఎవరూ అడగలేదు. నేనే ఒకరోజు, 3.2 సెకన్లలో నూరు ఎట్లా సాధ్యమని అడిగాను.

"మోటరుకు మొదట్లోనే బలమెక్కువ సార్. ఆన్ చేస్తానే గుంజుతాది. బోరు స్టార్టరు వేసినప్పుడు లోపల పైపంతా అదురుతాది చూడండి, అదే" అన్నారు. ఆ ముక్క నలభై సెకన్ల వీడియోలో లేదు. పైగా ఆ తొలి రోడ్‌స్టర్‌లో ఉన్నది మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు, అంటే 1888లో నికోలా టెస్లా పేటెంటు పొందిన సూత్రమే. ఆ షాపు నేల మీద పడుకున్న మోటార్ల సూత్రం కూడా అదే. ప్రపంచమంతా చేతులెత్తి మొక్కుతున్న యంత్రం మా చేలల్లో వందల అడుగుల లోతున, చీకట్లో, బురద నీళ్లలో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. దాని ఫొటో ఎవరూ తీయలేదు, కాలినప్పుడు పైకి లాగిన వాళ్లు తప్ప దాన్ని ఎవరూ చూడనూ లేదు.

మరునాడు మేస్త్రిని సభకు లాక్కొచ్చాను. అందరూ చెప్పింది ఆయన శ్రద్ధగా విన్నారు, బజ్జీ పూర్తిచేశారు, చేతులు తుడుచుకున్నారు.

"అంతా బాగుంది సార్. కాలిపోతే ఎవరు కడ్తారు?"

కంపెనీ చూసుకుంటుందని ఒకరన్నారు. కంపెనీ ఉంటే కదా అన్నాను నేను. ఫిస్కర్ అనే డిజైనరు తన పేరుతో ఒక కంపెనీ పెట్టి, బ్యాటరీతో పాటు పెట్రోలు ఇంజనూ ఉన్న విలాస కార్లు చేశాడు. అది 2013లో దివాలా తీసింది. మళ్లీ తన పేరుతోనే ఇంకొకటి పెట్టాడు. అది 2024 జూన్‌లో దివాలా తీసింది. కార్లు కొన్నవారు విడిభాగాల కోసం, సాఫ్ట్‌వేర్ కోసం తమలో తామే సంఘం పెట్టుకోవలసి వచ్చింది. మన దేశంలో జనరల్ మోటార్స్ 2017లో అమ్మకాలు ఆపింది, ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది; వాటి కార్లు మాత్రం ఇంకా రోడ్ల మీద ఉన్నాయి. మేస్త్రి మరొక మాట అనకుండా లేచి షాపుకు వెళ్లిపోయారు. ఆయన ప్రశ్న చర్చను పక్కదారి పట్టిస్తోందని అధ్యక్షుడు కొట్టివేశారు.

సరిగ్గా ఆ సమయానికి ఒక కరెంటు ఆటో సందులోకి మలుపు తిరిగింది. ట్రాలీలో కాలిన మోటారు, దాని మీద తడి గోనెపట్ట, పక్కన పంచె ఎగగట్టిన రైతు. చప్పుడు లేదు, పొగ లేదు, నలభై సెకన్ల వీడియో లేదు. గణాంకాల సభ్యుడి మోచేతిని రాసుకుంటూ పోయేదాకా అది వచ్చినట్టే ఎవరికీ తెలియలేదు.

"హారన్ కొట్టరాదేమప్పా?" అని ఆయన గద్దించారు. ఆటో నడిపే పిల్లవాడు తల గోక్కుని ముందుకు పోయాడు.

షాపు ముందు రైతు దిగుతూనే అడగడం ఇక్కడికి వినబడింది. "మేస్త్రీ, రేపు పొద్దునకిస్తావా? చేను ఎండిపోతాంది."

"రేపు సాయంత్రం అన్నా. ఇంకా మూడుండాయి ముందు."

గణాంకాల సభ్యుడు మోచేయి దులుపుకుని, కాగితం కింద పడిందేమోనని చూసుకుని, "ఎక్కడున్నాం? ఆఁ, మూడు పాయింటు రెండు సెకన్లు" అన్నారు.