గ్రూపులో పెడితే చెప్పినట్టేనా?

ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. గోదావరి జిల్లాల్లో ఈ లెక్క కొత్తగా ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ హెచ్చరిక ఏటి నడుమ లంకలో గేదెలు కట్టేసుకున్న మనిషికి ఏ గంటకు చేరిందన్నదే అసలు లెక్క. ఈసారి వరదలో ఓ లంకలో అది తెలిసేసరికి అరటితోటలో మోకాలి లోతు నీరు. ఇదేమిటని అడిగితే సిబ్బంది జవాబు: ‘వాట్సాప్ గ్రూపులో పెట్టాం కదండీ.’

పెట్టారు, అబద్ధం కాదు. పైన శుభోదయాలు, కింద పుట్టినరోజు కేకులు. ఏటిగట్టుకు గండి పడిందంటూ ఎప్పటిదో పాత వీడియో, అది మనది కాదని నలుగురి తగువు. ఆ కుప్పలో, రాత్రి పదకొండింటికి, రెండు ముక్కల హెచ్చరిక. అప్పటికే సగం ఊరు ఆ గ్రూపును మ్యూట్‌లో పెట్టేసింది. పెట్టదా మరి? (ఆ కుప్పలో మా పత్రిక లింకులూ ఉన్నాయి, ఒప్పుకుంటున్నాం.)

వాట్సాప్ వల్ల మేలు లేదనడం లేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు పడవ ఎక్కడుందో చాలామందికి ఫోనే చెప్పింది. సరే. కానీ ‘గ్రూపులో పెట్టాం’ అన్న మాట ఇవాళ ఒక లంకలో చెల్లితే రేపు ప్రతి ఆఫీసులోనూ చెల్లుతుంది. కాలువలు ఎప్పుడు కట్టేస్తారో గ్రూపులో పెట్టాం. ధాన్యం ఎప్పుడు కొంటారో గ్రూపులో పెట్టాం. తుపాను వస్తోందని గ్రూపులో పెట్టాం! చెప్పాల్సిన వాళ్ల పని అక్కడితో అయిపోయినట్టు. చూసుకోకపోతే తప్పు జనానిది.

టముకు వేసేవాడు వీధి మలుపులో ఆగి, అరిచి, ఎవరైనా వినలేదంటే మళ్లీ అరిచేవాడు. విన్నారో లేదో చూసుకోవడం కూడా అతని పనే. నీలం టిక్కులు ఆ పూచీ తీసుకోవు. ఫోనే లేని ముసలివాళ్ల సంగతి ఏ గ్రూపు చూస్తుంది?

వాట్సాప్ 2018లోనే మన దేశంలో ఫార్వర్డును ఐదు చాట్లకు కుదించింది. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టే వీలూ ఆ ఏడాదే ఇచ్చింది. ఆ సెట్టింగ్ మార్చడానికి అరనిమిషం చాలు. వరద హెచ్చరికలకు వేరే గ్రూపు పెట్టి ఆ ఒక్క మీట నొక్కడానికి ఇన్నేళ్లు తీరని సిబ్బంది, వరద రాత్రి లంకకు పడవ వేసుకుని ఎందుకు వెళ్లలేదో కలెక్టర్లు నిలదీయాలి. సంజాయిషీ కాగితం మీద, సంతకంతో రావాలి. గ్రూపులో కాదు.