సైప్రస్‌లో వాన చలికాలంలోనే

సైప్రస్‌లో ఏడాది పొడవునా ఎండే, ఎప్పుడు వెళ్లినా ఒకటేనని మీ వ్యాసంలో రాశారు. నాలుగేళ్లు అక్కడి రాజధాని నికోసియాలో ఉన్నదాన్ని, ఆ మాట ఒప్పుకోలేనండీ.

మనకు జూన్‌లో తొలకరి పడుతుంటే అక్కడ వానలు అప్పటికే అయిపోయి ఉంటాయి. ఇక సెప్టెంబరు దాకా మబ్బు కనబడడమే అరుదు. పైనుంచి కిందికి దిగే పొడి గాలి మేఘాన్ని ఎదగనివ్వదు. నికోసియా తీరానికి దూరం కాబట్టి జూలై, ఆగస్టుల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. సముద్రతీరాన ఉన్న లార్నకాలో వేడి కాస్త తక్కువ, కానీ ఉక్కపోత ఎక్కువ. విశాఖ వాళ్లకు దాని గురించి చెప్పక్కర్లేదు.

వానంతా దాదాపు నవంబరు నుంచి మార్చి లోపే, పడమటి నుంచి మధ్యధరా మీదుగా వచ్చే అల్పపీడనాలతో పడాలి. అప్పుడే అక్కడి 1,952 మీటర్ల ఎత్తున్న ఒలింపస్ శిఖరం మీద మంచు కురుస్తుంది, జనం స్కీయింగ్‌కు కూడా వెళతారు. ఇక వసంతంలో సహారా దుమ్ము ఒక్కోసారి ఊరంతా కమ్మేస్తుంది. పొద్దున్నే కారు అద్దం మీద ఎర్రమట్టి పేరుకుని ఉంటుంది.

ఆ నాలుగైదు నెలల వాన తప్పిందంటే రిజర్వాయర్లు ఎండిపోతాయి. 2008లో గ్రీస్ నుంచి ఓడల్లో తాగునీళ్లు తెప్పించుకున్నారు! సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు అక్కడ అంత ముఖ్యమైంది అందుకే. వ్యాసంలో ఈ నీళ్ల సంగతి ఒక్క ముక్కైనా లేకపోవడం నాకు బాధనిపించింది.

వెళ్లేవాళ్లు ఏప్రిల్‌లో వెళ్లండి, కొండలన్నీ పచ్చగా, పూలతో ఉంటాయి.