చిరంజీవి 2848

మన పురాణాల్లో చిరంజీవులు ఏడుగురు. మార్కండేయుణ్ని కలుపుకుంటే ఎనిమిది. తొమ్మిదో ఆయన ఒకరున్నారని పోయిన శనివారం రాత్రి మా డైనింగ్ టేబుల్ మీద తెలిసింది. పేరు 2848. ఇంటిపేరు చైల్డ్ పీఐడీ. తండ్రిగారు శ్రీ 2847.

మా అక్క కొడుకు బీటెక్ రెండో సంవత్సరం, కంప్యూటర్ సైన్సు. బ్యాగు నిండా రికార్డులు వేసుకుని శనివారం సాయంత్రం దిగాడు. సోమవారం ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్స్) ల్యాబ్ ఇంటర్నల్ అట, రికార్డు మీద సంతకం లేకపోతే లోపలికి రానివ్వరట, ఇంకా ఆరు ప్రోగ్రాములు రాయాలట. "మావయ్యా, నీ హ్యాండ్‌రైటింగ్ బాగుంటుంది కదా" అన్నాడు. పదిహేనేళ్లుగా లైనక్స్ సర్వర్ల పుణ్యాన అన్నం తింటున్న మనిషిలో వాడికి కనిపించిన అర్హత అదీ.

రికార్డు గురించి మీకు నేను చెప్పేదేముంది, మీరూ రాసే ఉంటారు. కుడి పక్క గీతల పేజీలో ఎయిమ్, అల్గారిథం, ప్రోగ్రాం, అన్నీ పెన్నుతో. ఎడమ పక్క తెల్ల పేజీలో అవుట్‌పుట్, పెన్సిల్‌తో. ఎందుకు పెన్సిల్ అని అడక్కూడదు. ఇంటర్లో బోటనీ రికార్డులో మందారపువ్వు నిలువుకోత పెన్సిల్‌తో వేశారు కాబట్టి కంప్యూటర్ తెర మీద వచ్చే అక్షరాలు కూడా పెన్సిల్‌తోనే వేయాలి. చివర్లో "దస్ ద ప్రోగ్రాం ఈజ్ ఎగ్జిక్యూటెడ్ సక్సెస్‌ఫుల్లీ". తెలివైన పిల్లలు ఈ వాక్యాన్ని ముందే అన్ని పేజీల అడుగునా రాసిపెట్టుకుని, ప్రోగ్రాములు తర్వాత తీరిగ్గా నింపుకుంటారు. మావాడూ అంతే.

నాకు పడిన వాటా ఫోర్క్ ప్రోగ్రాం. ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, అచ్చం తనలాంటి ఇంకో ప్రాసెస్‌ని పుట్టించే సిస్టమ్ కాల్ (ఓఎస్‌ని పని చేసిపెట్టమని అడిగే పిలుపు) అది. ఒకసారి పిలిస్తే రెండుసార్లు తిరిగొస్తుంది: తండ్రి దగ్గరికి కొడుకు నంబరు పట్టుకుని, కొడుకు దగ్గరికి సున్నా పట్టుకుని. మొదటిసారి అర్థమైన రోజు ఒళ్లు జలదరించాల్సిన విషయం ఇది. మావాడు తెచ్చిన ఫ్రెండ్ రికార్డులో ఎడమ పేజీ చూశాను. పేరెంట్ పీఐడీ (ప్రాసెస్ నంబరు) 2847, చైల్డ్ పీఐడీ 2848. ఈ అంకెలు ఎక్కడో చూసినట్టుందే అనిపించింది. రాత్రి పదకొండుకి స్టూలు వేసుకుని అటకెక్కాను. "ఈ వేళప్పుడు అటక మీద ఏం పని" అని మా ఆవిడ అడిగితే బంధువుల కోసం అన్నాను. పెట్టె అడుగున 2009 నాటి నా ఓఎస్ రికార్డు దొరికింది. దుమ్ము దులిపి ఫోర్క్ పేజీ తిప్పాను.

2847. 2848.

అదే తండ్రి, అదే కొడుకు. నాది వేరే ఊరు, వేరే కాలేజీ. నేను చదివినప్పటికీ ఇప్పటికీ మధ్య ముఖ్యమంత్రులు మారారు, సిలబస్‌లో ఆర్ (రెగ్యులేషన్) పక్కన అంకె లెక్కలేనన్నిసార్లు మారింది, 2014 జూన్ 2న రాష్ట్రమే ఫోర్క్ అయింది (అందులో పేరెంట్ ఎవరో చైల్డ్ ఎవరో అని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాం). 2848 మాత్రం వెంట్రుక కూడా నెరవకుండా అలాగే ఉన్నాడు. అసలు ఈ పీఐడీ అనేది బ్యాంకులో టోకెన్ లాంటిది. కొత్త ప్రాసెస్ వచ్చినప్పుడల్లా కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ) తరువాతి నంబరు ఇస్తుంది. ఒకే మిషన్ మీద రెండు నిమిషాల తేడాతో నడిపినా అదే నంబరు రాదు. మావాడి సెక్షన్‌లో అరవై మంది, అలాంటి సెక్షన్లు నాలుగు, అన్ని రికార్డుల్లోనూ అదే కొడుకు. కౌరవుల తర్వాత ఇంత సామూహిక జననం మన దేశంలో జరగలేదు, జరిగినా వాళ్లకి వందమందికీ విడివిడిగా పేర్లు పెట్టారు.

సరే, నిజాయితీగా విచారణ చేద్దామని కూర్చున్నాను. "ఒరేయ్, ఇది ల్యాబ్‌లో నడిపారా?" అన్నాను. "ల్యాబ్‌లో టర్బో సీ ఉంటుంది మావయ్యా" అన్నాడు. 1987లో పుట్టిన సీ కంపైలర్ అది. విండోస్ మీద డాస్‌బాక్స్, డాస్‌బాక్స్ మీద నీలం తెర, అందులో ఓఎస్ ల్యాబ్. పైన ఫోర్క్‌కి కావాల్సిన ఫైలు పేరు యూని ఎస్‌టీడీ డాట్ హెచ్ అని రాసి కంపైల్ చేస్తే "అన్ఏబుల్ టు ఓపెన్ ఇన్‌క్లూడ్ ఫైల్" అని మొహం మీద తలుపేస్తుంది. దాని తప్పేం లేదు పాపం. డాస్ అనే ఆ పాతకాలం ఓఎస్ ఒకసారికి ఒక్క ప్రోగ్రామే నడిపే, ఏకసంతు వ్రతం పట్టిన ఇల్లాలు, ఫోర్క్ అనే మాటే అక్కడ లేదు. అంటే ఈ ప్రోగ్రాం ఆ గదిలో ఒక్కసారి కూడా నడిచి ఉండదు, నడిచే అవకాశమే లేదు. మరి అవుట్‌పుట్? "సీనియర్ల రికార్డులోది." వాళ్లకి? "వాళ్ల సీనియర్లది." మా కాలేజీలోనూ అంతే. ఇలా వెనక్కి వెళ్తూ పోతే ఎక్కడో, ఎప్పుడో, ఎవరో ఒక మహానుభావుడు నిజంగా లైనక్స్ ముందు కూర్చుని ఎంటర్ నొక్కి ఉంటాడు కదా. ఆయనెవరో తెలిస్తే కాళ్లకి దణ్ణం పెట్టుకుంటాను. మన ప్రాంతంలో ఫోర్క్ ప్రోగ్రాం నడిపిన చివరి మనిషి ఆయనే అయ్యుండొచ్చు.

ఆ పాఠంలోనే జాంబీ ప్రాసెస్ అని ఒకటొస్తుంది. కొడుకు ప్రాసెస్ చచ్చిపోతుంది, తండ్రి వెయిట్ అని పిలిచి వాడి ఆఖరి కబురు కనుక్కోడు, దాంతో పట్టికలో వాడి పేరు మిగిలిపోతుంది, రేషన్ కార్డులోంచి పేరు తీయించని తాతగారిలా. దీనికి ఉదాహరణ చెప్పమని వైవాలో అడిగితే పిల్లలు నీళ్లు నములుతారట. ఎందుకు నాన్నా నమలడం, ఎడమ పేజీలో పెన్సిల్‌తో వేసుకొచ్చావుగా.

ఇంకోటి. లైనక్స్‌లో ఫోర్క్ చేసినప్పుడు తండ్రి మెమరీ మొత్తాన్ని వెంటనే కాపీ చేయరు. ఇద్దరూ అవే పేజీలు (మెమరీ ముక్కలు) వాడుకుంటారు, ఎవరో ఒకరు అందులో రాయబోయినప్పుడే ఆ పేజీకి కాపీ తీస్తారు. దీన్ని కాపీ ఆన్ రైట్ అంటారు. మన కాలేజీలు ఈ సూత్రాన్ని ప్రపంచంలో అందరికంటే శ్రద్ధగా అమలు చేస్తున్నాయి. కాపీ, అందులోనూ రైటింగ్‌లో.

ఫోర్క్ ఒక్కటే కాబట్టి సరిపోయింది, మిగతా రికార్డు ఇంకా ముచ్చటగా ఉంది. షెడ్యూలింగ్ (ఎవరికి ముందు సీపీయూ ఇవ్వాలో తేల్చే) ప్రోగ్రాం ముందు ఎన్ని ప్రాసెస్‌లో అడుగుతుంది, తర్వాత ఒక్కోదాన్ని "నీ బర్స్ట్ టైమ్, అంటే సీపీయూతో నీకు పనిపడే సేపు, ఎంతమ్మా" అని అడుగుతుంది, తర్వాత కూడుతుంది, చివర్న సగటు చెబుతుంది. ఆయుర్దాయం ముందే తెలిసిన ప్రాసెస్‌లు, లెక్కలు కట్టే జ్యోతిష్కుడు. ఇది కిరాణా కొట్టు లెక్క, ఇందులో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడుంది? లైనక్స్‌లో 2007 నుంచి 2023 దాకా పనిచేసిన షెడ్యూలర్ ఎవరికి తక్కువ సీపీయూ దొరికిందో చూసి వాళ్లని ముందు పంపేది, ఆ వరస కోసం రెడ్ బ్లాక్ ట్రీ అనే డేటా అమరిక వాడింది. ఈ రెడ్ బ్లాక్ ట్రీనే డేటా స్ట్రక్చర్స్‌లో ఇదే పిల్లలు బట్టీ కొట్టి, ఇది ఏ రకంగా పనికొస్తుందో తెలియక తిట్టుకున్నారు. ఆ చెట్టు ఈ ఇంట్లోదేనని చెప్పే నాథుడు రెండు సబ్జెక్టుల్లోనూ లేడు.

జిరాక్స్ మనకి కొత్తేమీ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్స్ చదువుకీ కొత్త కాదు. 1970లలో సిడ్నీలో, న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో జాన్ లయన్స్ అని ఒక మాస్టారుండేవాడు. యూనిక్స్ అనే ఓఎస్ ఆరో ఎడిషన్ కెర్నెల్ సోర్సు, దాదాపు తొమ్మిదివేల లైన్లు, అచ్చు వేయించి, దేని తర్వాత ఏం జరుగుతుందో వ్యాఖ్యానం రాసి పిల్లల చేతిలో పెట్టాడు. తర్వాత యూనిక్స్ సొంతదారు ఏటీ అండ్ టీ కంపెనీ లైసెన్సు మార్చి క్లాసుల్లో సోర్సు చెప్పకూడదంది. దాంతో ప్రపంచమంతా విద్యార్థులు దాన్ని దొంగచాటుగా జిరాక్స్ తీసుకుని, జిరాక్స్‌కి జిరాక్స్ తీసుకుని, అక్షరాలు అలుక్కుపోయేదాకా చదివారు. 1996 వరకూ అది బహిరంగంగా దొరకలేదు. అదే ఆరో ఎడిషన్‌ని ఎంఐటీ వాళ్లు 2006లో తిరగరాసి తమ పిల్లలకి పాఠంగా పెట్టుకున్నారు, ఎక్స్‌వీ6 అని, ఊరికే దొరుకుతుంది, పిల్లలు దాని లోపలికి దూరి సొంతంగా సిస్టమ్ కాల్ కలుపుతారు. వాళ్లూ జిరాక్సే, మనమూ జిరాక్సే. వాళ్లు కెర్నెల్‌ని తీశారు, మనం అవుట్‌పుట్‌ని తీస్తున్నాం, పైగా దానికి స్పైరల్ బైండింగ్.

ఇంత సంప్రదాయాన్ని ఊరికే వదిలేయకూడదు. పోచంపల్లి ఇక్కత్‌కి, ఆత్రేయపురం పూతరేకులకి జీఐ ట్యాగ్ ఉంది. 2848కి కూడా ఇప్పించాలని నా విన్నపం. చేతిపని, ఒక తరం నుంచి ఇంకో తరానికి గురుముఖతః వస్తున్నది, ఎక్కడా యంత్రం వాడనిది. ఈ మూడో అర్హత ముందు చేనేతకారులు కూడా తలవంచాలి, వాళ్లకి కనీసం మగ్గం ఉంటుంది.

ఇంతవరకూ నవ్వుకుంటూనే ఉన్నాను. పన్నెండు దాటాక మావాడు ఒక మాట చెప్పాడు. వాళ్ల సెక్షన్‌లో ఒకమ్మాయి ఉందట. ల్యాబ్‌లో నడవడం లేదని ఫోన్‌లో టర్మక్స్ అనే లైనక్స్ టెర్మినల్ యాప్ ఎక్కించుకుని, హాస్టల్ మంచం మీద, ఆ అరచేతంత తెర మీద ప్రోగ్రాం మొత్తం కొట్టి నడిపిందట. (ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్ అడుగునా ఉండేది లైనక్స్ కెర్నెలే. ఓఎస్ ల్యాబ్ తలుపు మీద మాత్రం సెల్‌ఫోన్లు నిషేధం అని బోర్డు. కాలేజీ మొత్తంలో లైనక్స్ లేని గది అదొక్కటే, అక్కడే దాన్ని నేర్పుతారు.) రికార్డులోకి ఎక్కించుకోవాలి కదా అని అవుట్‌పుట్‌ని ఒక ఫైల్లోకి మళ్లించింది. వచ్చింది వచ్చినట్టు పెన్సిల్‌తో రాసి సంతకానికి తీసుకెళ్లింది. మేడమ్ ఎర్ర పెన్నుతో మూడుచోట్ల కొట్టేసిందట. ఒకటి, నంబర్లు 19 వేల పైచిలుకు ఉన్నాయి, ల్యాబ్ మాన్యువల్లో అలా లేదు. రెండు, చైల్డ్ లైను ముందొచ్చింది, పేరెంట్ ముందు రావాలి. మూడు, "బిఫోర్ ఫోర్క్" అనే లైను రెండుసార్లుంది, ఒక్కసారే కదా ప్రింట్ చేయమన్నాం. రీరైట్.

ఆ మూడోది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ప్రింట్ఎఫ్ (సీలో అక్షరాలు బయటికి పంపే ఆజ్ఞ) రాసింది వెంటనే బయటికి పోదు, ముందు బఫర్ అనే తాత్కాలిక గదిలో ఆగుతుంది. తెర మీదికైతే లైను పూర్తవగానే వెళ్లిపోతుంది. ఫైల్లోకైతే బఫర్ నిండేదాకానో, ప్రోగ్రాం ముగిసేదాకానో కదలదు. ఈలోగా ఫోర్క్ జరిగింది, బఫర్లో ఉన్న ఆ లైనుతో సహా కొడుక్కి కాపీ వచ్చింది, ఇద్దరూ పోతూపోతూ ఎవరి బఫర్ వాళ్లు ఖాళీ చేశారు, లైను రెండుసార్లు పడింది. తండ్రి వెయిట్‌లో ఉన్నాడు కాబట్టి ముందు పోయింది కొడుకు, కాబట్టి ముందు పడింది కొడుకు లైను. అయిపోయింది! ఫోర్క్ అంటే ఏమిటి, బఫర్ అంటే ఏమిటి, వెయిట్ ఎందుకు, అన్నీ ఆ ఆరు లైన్లలో ఉన్నాయి. సెమిస్టర్ మొత్తం చెప్పినా రాని పాఠం పెన్సిల్‌తో రాసి ఒక పంతొమ్మిదేళ్ల పిల్ల టేబుల్ మీద పెడితే, దాని మీద ఎర్ర గీత కొట్టారు. కొట్టేముందు "ఇదెందుకు రెండుసార్లు వచ్చిందమ్మా" అని ఒక్క మాట అడగడానికి ఏం రోగం? తెలియకపోతే తప్పు లేదు, నాకూ మొదటిసారి తెలియలేదు, రెండు రోజులు తల గోక్కున్నాను. అడగకపోవడం తప్పు. నిజంగా జరిగిందానికంటే మాన్యువల్లో ఉందే నిజమని ఒక పిల్లకి నేర్పడం తప్పు. ఆ అమ్మాయి రీరైట్ చేసిందట. ఈసారి 2848 రాసిందట. సంతకం పడిందట. ఇంకెప్పుడైనా ఫోన్ తీసి నడిపి చూస్తుందా? ఎందుకు చూస్తుంది!

ఆ మేడమ్‌ని అని ప్రయోజనం లేదని తెలుసు. ఆవిడకి నాలుగు సెక్షన్లు, పైగా అక్రిడిటేషన్ కమిటీ వస్తోందని కోర్స్ అవుట్‌కమ్‌కీ ప్రోగ్రాం అవుట్‌కమ్‌కీ మధ్య ఒకట్లూ రెళ్లూ మూళ్లూ నింపే పట్టికలు. ఆ పట్టికల్లో "విద్యార్థి సిస్టమ్ కాల్స్ వాడగలడు" అన్న గడిలో మూడు వేసి ఉంటుంది. మూడంటే అత్యుత్తమం. ఆవిడ బీటెక్ రికార్డు తీయించి చూస్తే ఎడమ పేజీలో ఎవరుంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ తెచ్చి మావాడి ముందు పెట్టాను. కంపైల్ చేసి నడిపించాను. చైల్డ్ పీఐడీ 41873 అని వచ్చింది. మళ్లీ నడిపించాను, 41880. ఇంకోసారి వాడే నొక్కాడు, ఇంకో నంబరు. వాడి కళ్లలో ఒక్క క్షణం ఏదో మెరిసింది, నేను చూశాను. "అంటే ప్రతిసారీ కొత్తోడు పుడతాడా మావయ్యా?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. జాంబీని చేసి చూపిస్తాను ఆగరా అని టైపు చేయబోయాను.

వాడు గోడ గడియారం వంక చూశాడు. మూడు గంటల బస్సు. రికార్డు నా వైపు జరిపాడు.

"ప్లీజ్ మావయ్యా. 2848 వేసేయి. లేకపోతే సంతకం పెట్టరు."

ల్యాప్‌టాప్ మూసేశాను. పెన్సిల్ ఇవ్వరా అన్నాను. ముక్కు విరిగిన పెన్సిల్ ఇచ్చాడు, చెక్కి ఇవ్వమన్నాను.