‘నల్గొండ బీఎస్సీతో యాక్చువరీ కాలేరు’ అన్న మెసేజ్‌లో తప్పులివీ

డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల (దోస్త్) వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజులొస్తే చాలు, ఒక వాట్సాప్ మెసేజ్ నల్గొండ, సూర్యాపేట, పాలమూరు, వనపర్తి గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది ఇంతే: ‘యాక్చురియల్ సైన్స్ అని పేరున్న డిగ్రీ చేస్తేనే యాక్చువరీ అవుతారు. మన జిల్లా కాలేజీల బీఎస్సీ ఎందుకూ పనికిరాదు. హైదరాబాద్‌లో మూడేళ్ల కోర్సు చేస్తే పేపర్లన్నీ మినహాయింపు, బయటికి రాగానే యాక్చువరీ ఉద్యోగం. ఇంటర్ లెక్కలొస్తే చాలు, ప్రోగ్రామింగ్ అక్కర్లేదు.’ యాక్చువరీ అంటే బీమా కంపెనీల్లో ప్రీమియం, రిస్కు లెక్కలు కట్టే నిపుణులు. ఈ మెసేజ్‌ను నమ్మి అప్పు చేసేవాళ్లున్నారు కాబట్టి ఒక్కో మాటా విప్పి చూడాలి.

పేరున్న డిగ్రీ ఉంటేనే అన్న మాట మొదలే తప్పు. మన దేశంలో ఈ అర్హత ఇచ్చేది ఏ యూనివర్సిటీ కాదు, 2006 యాక్చువరీస్ చట్టం కింద పనిచేసే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా. అందులో చేరడానికి ఏసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇంటర్ పాసైనవాళ్లు రాయొచ్చు. మూడు గంటలు, 70 ప్రశ్నలు, 100 మార్కులు, 50 వస్తే పాస్. లెక్కలకు 30, స్టాటిస్టిక్స్‌కు 30 పోగా మిగతావి ఇంగ్లిష్, డేటా ఇంటర్‌ప్రెటేషన్, లాజికల్ రీజనింగ్. ఇంటర్ మ్యాథ్స్ 2ఏలోని ప్రాబబిలిటీ, రాండమ్ వేరియబుల్స్, 1బీ, 2బీల్లోని కాలిక్యులస్ ఇక్కడ నేరుగా అక్కరకొస్తాయి. న్యూమరికల్ మెథడ్స్, కోరిలేషన్, రిగ్రెషన్ మాత్రం విడిగా చదువుకోవాలి. ఎంపీసీ పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. పాసైన ఫలితం మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఇంటర్ అయిన నెలలోనే రాయాలన్న తొందర లేదు.

ఇక బీఎస్సీ సంగతి. దోస్త్‌లో కాలేజీ పేరు కన్నా ముందు కాంబినేషన్ చూడండి. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ రెండూ ఉండాలి. మూడోది కంప్యూటర్సయినా, ఎకనామిక్సయినా మంచిదే. మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండి స్టాటిస్టిక్స్ లేని గ్రూపు తీసుకుంటే మూడేళ్లూ సగం చదువు సొంతంగా చదువుకోవాల్సి వస్తుంది.

ఆ రెండూ ఉన్న బీఎస్సీలో ఏముందో ఇన్‌స్టిట్యూట్ పేపర్ల పక్కన పెట్టి చూస్తే ‘ఎందుకూ పనికిరాదు’ అన్న మాట నిలబడదు. సీఎస్1 అనే స్టాటిస్టిక్స్ పేపర్‌లో ఉండే డిస్ట్రిబ్యూషన్లు, మూమెంట్ జనరేటింగ్ ఫంక్షన్లు, సెంట్రల్ లిమిట్ థీరమ్, మాక్సిమమ్ లైక్లీహుడ్, పరికల్పన పరీక్షలు, రిగ్రెషన్ డిగ్రీలో చెప్పేవే. జనరలైజ్డ్ లీనియర్ మోడల్స్, బేసియన్ పద్ధతి, క్రెడిబిలిటీ థియరీ మాత్రం సాధారణంగా ఉండవు, కొత్తగా నేర్చుకోవాలి. మ్యాథ్స్‌లో లీనియర్ ఆల్జీబ్రా తర్వాతి స్టాటిస్టిక్స్ పేపర్ సీఎస్2లో మార్కోవ్ చైన్ల మాత్రికలకూ, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు అదే పేపర్‌లో కోల్మొగొరోవ్ సమీకరణాలకూ పనికొస్తాయి. రియల్ అనాలిసిస్, గ్రూప్ థియరీ నేరుగా ఏ పేపర్‌లోనూ రావు. అట్లని వదిలేస్తే డిగ్రీ పర్సంటేజీ పడిపోతుంది.

వైటల్ స్టాటిస్టిక్స్ అని ఒక చిన్న అధ్యాయం ఉంటుంది. అందులో లైఫ్ టేబుల్‌ను (ఏ వయసుకు ఎందరు బతికుంటారో చూపే పట్టికను) నాలుగు మార్కుల ప్రశ్నలా చదివి పక్కన పడేస్తారు. జీవిత బీమా లెక్కంతా నిలబడేది దాని మీదే. ఒక వయసువాళ్లు ఏడాదిలోపు చనిపోయే సంభావ్యత 0.002 అనుకుందాం. 10 లక్షల పాలసీ, ఏడాదే కాలం, సొమ్ము ఏడాది చివర చెల్లింపు, వడ్డీ 6 శాతం. ఖర్చులు, లాభం కలపని ప్రీమియం: 10,00,000 × 0.002 ÷ 1.06, అంటే సుమారు 1,887 రూపాయలు. వడ్డీ, బీమా లెక్కల పేపర్ సీఎం1లో పెద్ద భాగం దీన్నే అనేక ఏళ్లకు, అనేక షరతులకు సాగదీసి అడుగుతుంది.

డిగ్రీ పుస్తకం ఎక్కువగా చెప్పనిది ఒకటుంది, సెన్సారింగ్. అంటే కొందరిని చివరిదాకా గమనించలేకపోవడం. 200 మందిని ఐదేళ్లు గమనించాలనుకున్నాం, 12 మంది చనిపోయారు. 200ను ఐదుతో గుణించి 1,000 ఏళ్లు అనుకుంటే మరణాల రేటు 0.012. కానీ మధ్యలో పాలసీ వదిలేసినవాళ్లను, చనిపోయినవాళ్ల మిగతా ఏళ్లను తీసేస్తే నిజంగా గమనించిన కాలం 800 ఏళ్లే అనుకోండి. అప్పుడు రేటు 0.015. మొదటి లెక్కతో ప్రీమియం నిర్ణయిస్తే 20 శాతం తక్కువ వసూలవుతుంది. ఈ తేడా తెలిసిన విద్యార్థికి సీఎస్2లో సర్వైవల్ మోడల్స్ సగం అర్థమైనట్టే.

‘ఇంటర్ లెక్కలొస్తే చాలు’ అనేవాళ్లకు వడ్డీ దగ్గర ఒక ప్రశ్న. మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 2 శాతం. ఏడాదికి 24 అని నోటితో చెప్పేస్తాం. ఏ నెలకా నెల వడ్డీ అసలులో కలిస్తే 1.02ను పన్నెండుసార్లు గుణించాలి, అప్పుడు ఏడాది రేటు 26.82 శాతం. వాయిదా నెలనెలా కట్టేదైతే 2 శాతం వాడాలి, ఏడాదికోసారి కట్టేదైతే 26.82 వాడాలి. సీఎం1లో బాగా చదివే పిల్లలు కూడా మార్కులు పోగొట్టుకునేది ఫార్ములా రాక కాదు, రేటుకూ వాయిదాకూ కాలం కుదరక. లెక్క మొదలుపెట్టే ముందు కాలరేఖ గీసి, కింద కాలం, పైన సొమ్ము రాసుకుంటే ఈ పొరపాటు చాలావరకు తగ్గుతుంది.

ప్రోగ్రామింగ్ అక్కర్లేదన్నది పచ్చి అబద్ధం. సీఎస్1, సీఎస్2లకు బీ పేపర్ (రెండో భాగం) కంప్యూటర్ మీద ఆర్ భాషలో, సీఎం1కూ, దాని తర్వాతి సీఎం2కూ ఎక్సెల్‌లో రాయాలి. ఆర్ ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. డిగ్రీ ప్రాక్టికల్ రికార్డులో చేతితో చేసిన ప్రతి లెక్కనూ ఆర్‌లో మళ్లీ చేసి జవాబు కలుస్తుందో లేదో చూసుకోండి (సీనియర్ రికార్డు చూసి దించేవాళ్లకు ఈ సలహా ఎట్లాగూ పట్టదు). ఎక్సెల్‌లో వడ్డీ రేటును ప్రతి గడిలో చేత్తో కొట్టకండి. ఒక గడిలో పెట్టి, దాన్ని డాలర్ గుర్తుతో బిగించి మిగతా గడుల నుంచి పిలవండి. అట్లా కాకుంటే రేటు మార్చమన్న రెండో ప్రశ్నలో షీటంతా కూలిపోతుంది. ఆర్‌లో కోడ్, జవాబు పెట్టి ఊరుకుంటే చాలదు, ఆ అంకె ఏం చెబుతోందో రెండు వాక్యాల ఇంగ్లిష్‌లో రాయాలి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు దీన్ని మొదటి ఏడాది నుంచే అలవాటు చేసుకోవాలి.

మూడేళ్లలో యాక్చువరీ అన్నదానికి లెక్క చాలు. 2019లో వచ్చిన ప్రణాళిక ప్రకారం మొదటి మెట్టు అర్హత అసోసియేట్‌కు 10 పేపర్లు, పై మెట్టు ఫెలో కావడానికి మొత్తం 13. దాని పైన పని అనుభవం. బీమా కంపెనీలో అపాయింటెడ్ యాక్చువరీగా సంతకం పెట్టేది ఫెలో. డిగ్రీ అయ్యేనాటికి రెండు మూడు పేపర్లు పాసైతే అది మంచి వేగమే. అంతవరకు పాసైనవాళ్లకు దొరికేది అనలిస్ట్, ట్రైనీ ఉద్యోగం, మిగతావి ఉద్యోగం చేస్తూ రాస్తారు. ఇన్‌స్టిట్యూట్ ప్రణాళికను సవరిస్తుంటుంది కాబట్టి ఫీజు కట్టే ముందు దాని వెబ్‌సైట్‌లో ఆ ఏడాది నిబంధనలు చదవండి.

ఇక ఇన్‌స్టిట్యూట్ పేపర్ల మినహాయింపు. అది డిగ్రీ పేరును చూసి మూటగా ఇచ్చేది కాదు, పేపర్ల వారీగా పరిశీలించేది. కాలేజీవాళ్లు ‘మినహాయింపులున్నాయి’ అంటే నాలుగు సంగతులు కాగితం మీద అడగండి: ఏ సంస్థ గుర్తింపు, ఏ పేపర్లకు, ఏ బ్యాచ్ వరకు, ఎన్ని మార్కులొస్తే. ఆ కాగితాన్ని ఇన్‌స్టిట్యూట్‌కు మెయిల్ చేసి సరేనన్న జవాబు వచ్చాకే అడ్మిషన్ ఫీజు కట్టండి. బ్రోషర్‌లో ‘సిలబస్ అనుసంధానం’ అని మాత్రమే ఉంటే ఆ పాఠాలు చెబుతారనే అర్థం, పేపర్ రాయడం తప్పదు.