ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు

మా ఇంగ్లీషు మాస్టారు చెప్పిన సూత్రం చాలా చిన్నది. మాట ముందు ‘ఇన్‌’ వస్తే ‘కాదు’ అని అర్థం. కరెక్టు కానిది ఇన్‌కరెక్టు, డైరెక్టు కానిది ఇన్‌డైరెక్టు. ఆ సూత్రాన్ని నమ్ముకునే ఒకనాడు పెట్రోలు ట్యాంకరు వెనక స్కూటరు ఆపి, దాని వీపున ఎర్రటి అక్షరాల్లో ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్‌’ అని చదివి, బొత్తిగా మండనిదట అని స్థిమితపడ్డాను. పెట్రోలు మండకపోతే నా స్కూటరు ఎలా నడుస్తోందన్న అనుమానం రాకపోలేదు. కానీ అచ్చులో ఉన్నదాన్ని శంకించే పెంపకం కాదు నాది.

తరవాత ఆరా తీశాను. తెలుగువాడికి ఇంటిపేరు ముందే వస్తుంది కనుక విషయం ఇట్టే బోధపడింది. లాటిన్‌ నుంచి వలస వచ్చిన ‘ఇన్‌’ వారు రెండు కుటుంబాలు. ఒకరిది ‘కాదు’ గోత్రం, రెండోవారిది ‘లోపలికి’ గోత్రం. ఇన్‌ఫ్లేమబుల్‌ రెండో ఇంటి పిల్ల, మంటల్లోకి దిగే రకం. ఇన్‌కరెక్టు వారితో వీరికి పురుడూ మైలా కూడా లేవు. నాలాంటి వాళ్లు ప్రపంచమంతటా ఉన్నారని కాబోలు, 1920లలో అమెరికా జాతీయ అగ్ని నివారణ సంఘం ఆ ఇంటిపేరు కత్తిరించి వట్టి ‘ఫ్లేమబుల్‌’ అని రాయమంది. ఇప్పుడు ఇంటిపేరున్నా మండుతుంది, లేకపోయినా మండుతుంది. మండనిదానికి ‘నాన్‌’ అని మరో ఇంటిపేరు వెతకవలసి వచ్చింది.

‘కాదు’ గోత్రీకులకు ఇంకో గుణం ఉంది. పాజిబుల్‌ ఎదురైతే ‘ఇమ్‌’, లీగల్‌ ఎదురైతే ‘ఇల్‌’, రెగ్యులర్‌ ఎదురైతే ‘ఇర్‌’. ఎవరు అధికారంలో ఉంటే వారి కండువా.

మనవాళ్లూ తక్కువ తినలేదు. పోస్ట్‌పోన్‌ ఉండగా ప్రీపోన్‌ ఎందుకు ఉండకూడదని ఆఫీసుల్లోనే పెళ్లి జరిపించేశారు. కొందరు ముఖం చిట్లించినా, చివరకు ఆక్స్‌ఫర్డ్‌ నిఘంటువు వచ్చి అక్షింతలు వేసింది.

ఇదంతా రాసి మన భాష గొప్పదని చాటుదామనుకున్నాను. తీరా చూస్తే సంస్కృతం పంపిన 22 ఉపసర్గలు మన వాకిట్లోనే బారులు తీరి ఉన్నాయి. మెడలో బుద్ధిగా వేలాడే ‘హారం’ ముందు ‘ఆ’ చేరితే భోజనం, ‘వి’ చేరితే షికారు, ‘సం’ చేరితే చావు, ‘పరి’ చేరితే ఆ చావుకు ప్రభుత్వం ప్రకటించే సొమ్ము. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా మరోచోటికి లాక్కుపోతుందని పాత వ్యాకరణ శ్లోకమే ఒప్పుకుంది. ఇన్ని వందల ఏళ్లలో ఒక్కరూ కేసు పెట్టలేదు.

ఇక ‘ఇన్‌వాల్యుబుల్‌’ అంటే విలువ లేనిది కాదు, వెల కట్టలేనిది. మన ‘అమూల్యం’ కూడా అంతే. నాకు తెలిసిన సంపాదకుడు ఒకాయన తొమ్మిదేళ్లుగా నా వ్యాసాలు అమూల్యమని ఉత్తరాలు రాస్తున్నారు. మొన్న ధైర్యం చేసి పారితోషికం సంగతి ఎత్తాను. ఆయన మళ్లీ ఆ మాటే అన్నారు, ఈసారి ‘అ’ను కాస్త ఒత్తి పలికారు.