మోకాలికి సూది విషం, జిప్ కవర్లో పొడి అమృతం!

"స్టెరాయిడ్ ఇంజెక్షన్: డాక్టర్లు దాచిపెట్టిన ఏడు నిజాలు. పదిమందికి పంపండి, ఇరవై మోకాళ్లు కాపాడండి."

ఈ నెలలో ఇది నాకు రావడం తొమ్మిదోసారి. మొదట వాకర్స్ గ్రూపులో వచ్చింది, తర్వాత టెన్త్ బ్యాచ్ గ్రూపులో. నిన్న పొద్దున్నే మా బావమరిది పంపాడు, కింద రెండు చేతులు జోడించిన బొమ్మతో సహా. మల్కాజ్‌గిరిలో ఇరవై ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నవాణ్ణి, ఆ ఇంజెక్షన్లు నా ర్యాకులోనే ఉంటాయి. అయినా ఎవరితో వాదిస్తాంలే అని ఊరుకున్నాను. ఏడో పాయింటు దాకా చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

చిన్నవి ముందు కానిచ్చేస్తాను.

"అమెరికాలో దీన్ని నిషేధించారు." లేదు. పక్కకు పెట్టండి.

"జిమ్ కుర్రాళ్లు కండల కోసం వాడేది ఇదే." కాదు. అది మగ హార్మోన్ బాపతు. మోకాలికి, మడమకి ఇచ్చే ట్రయామ్సినొలోన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ లాంటివి మన అడ్రినల్ గ్రంథులు రోజూ తయారుచేసే కార్టిసాల్‌కి చుట్టాలు. వాపు తగ్గించడం వాటి పని. ఈ సూదితోనే కండలొచ్చేట్టయితే మా వీధిలో అరవై దాటిన అత్తమ్మలంతా ఈపాటికి కుస్తీ పోటీల్లో ఉండేవాళ్లు.

"ఒకసారి వేయించుకుంటే జీవితాంతం అలవాటైపోతుంది." దాన్ని అలవాటు అనరు, మందు పనిచేసే గడువు అయిపోయింది అంటారు. కొందరికి నాలుగు వారాలు హాయిగా ఉంటుంది, కొందరికి రెండు మూడు నెలలు, కొందరికి అసలేమీ తేడా తెలియదు. లోపల కీలు అరిగింది అరిగినట్టే ఉంటుంది కాబట్టి నొప్పి మళ్లీ వస్తుంది. ఈ మాట ముందే చెప్పని డాక్టర్ల మీద నాకూ కోపమే.

"వేయించుకున్న రాత్రే నొప్పి రెట్టింపయింది, విషమనడానికి ఇదే రుజువు." ఇది చాలామందిని భయపెడుతోంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఆ సూదిలో సాధారణంగా స్టెరాయిడ్‌తో పాటు లిగ్నొకైన్ అనే మత్తుమందు కూడా కలుపుతారు. అందుకే క్లినిక్ మెట్లు ఎక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకున్న మనిషి, దిగేటప్పుడు చేతులూపుకుంటూ దిగుతాడు. కొన్ని గంటల్లో ఆ మత్తు దిగిపోతుంది. స్టెరాయిడ్ పని మొదలవడానికి రెండు మూడు రోజుల నుంచి వారం దాకా పడుతుంది. ఆ మధ్యలో పాత నొప్పి తిరిగి వస్తుంది. కొందరికి ఒకటి రెండు రోజులు ఎక్కువగా కూడా ఉంటుంది. ఐస్ పెట్టుకుని కాలికి రెస్ట్ ఇస్తే సర్దుకుంటుంది. అయితే ఆ తర్వాత కూడా నొప్పి పెరుగుతూ, కీలు ఎర్రబడి కాలిపోతూ, జ్వరం వస్తుంటే అది వేరే సంగతి. లోపల ఇన్ఫెక్షన్ కావచ్చు. అరుదే కానీ ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు వాట్సాప్‌లో అడుగుతూ కూర్చోకూడదు.

"మడమలో పెరిగిన ఎముకను ఇంజెక్షన్ కరిగించలేదు, కాబట్టి మోసం." కరిగిస్తుందని ఎవరన్నారు స్వామీ? ఎక్స్‌రేలో ఆ ముల్లు కనిపించినా నొప్పి లేనివాళ్లు బోలెడుమంది. నొప్పి సాధారణంగా వచ్చేది మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద సాగే పట్టీ లాంటి గట్టి పొర దగ్గర. ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. రోజుకు పన్నెండు గంటలు కౌంటర్ వెనక పల్చటి చెప్పులతో నిలబడి నిలబడి తెచ్చుకున్నాను. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది. చివరికి సూది వేయించుకున్నాను. మడమలో అది దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ సంగతి దాచను. దాంతో రెండు నెలలు గడిచాయి. ఆ రెండు నెలల్లో గోడకి చేతులానించి పిక్కలు సాగదీసే వ్యాయామం, ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ల సీసాని అరికాలి కింద దొర్లించడం, ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు. అసలు పని చేసింది అవే. "ఇంకొకటి వేసేయండి సార్" అంటే డాక్టర్ ఒప్పుకోలేదు. పదే పదే వేస్తే ఆ పొర తెగే ప్రమాదం ఉంది, మడమ కింద మెత్తలా ఉండే కొవ్వు కరిగిపోవచ్చు. సూది పడినచోట చర్మం తెల్లబడొచ్చు కూడా, మన చామనఛాయ ఒంటి మీద అది బాగా కనిపిస్తుంది.

ఇక ఆరోది: "మోకాలి చిప్ప కింద గుజ్జును తినేస్తుంది." ఇక్కడ నేను తగ్గాలి. చాలా ఏళ్లు షాపుకొచ్చినవాళ్లకి "అదంతా పుకారమ్మా" అని చెప్పి పంపాను. అది పూర్తిగా పుకారు కాదు. 2017లో అమెరికాలో ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. మోకాళ్లు అరిగిన 140 మందిలో కొందరికి మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు ట్రయామ్సినొలోన్ ఇచ్చారు, మిగతావాళ్లకి ఉత్త సెలైన్. స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లకే గుజ్జు ఎక్కువ తగ్గింది. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అందుకే ఒకే కీలుకి ఏడాదికి మూడు నాలుగు మించొద్దంటారు, ఇంకా తగ్గిస్తే మంచిదే. మోకాలి మార్పిడి ఆపరేషన్ అనుకుంటున్నవాళ్లకి ముందు మూడు నెలలు అసలు వద్దంటారు, ఇన్ఫెక్షన్ భయంతో. ఈ ఒక్క పాయింటుకి ఆ ఫార్వర్డ్ రాసినవాడికి నా నమస్కారం. "పదే పదే వేస్తే" అన్న మాట ఎగరగొట్టి "ఒక్క సూదితో గుజ్జు మాయం" అని రాసినందుకు ఆ నమస్కారం వెనక్కి తీసుకుంటున్నాను.

తమాషా ఏమిటంటే అసలు చెప్పాల్సిన నిజం ఒకటి ఆ ఏడింటిలో లేనేలేదు: షుగర్. మధుమేహం ఉన్నవాళ్లకి ఈ సూది తర్వాత కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాటి కూడా షుగర్ పెరుగుతుంది. రోజూ చూసుకోవాలి, మందు డోసు సంగతి ముందే అడగాలి. మన ఊళ్లో ప్రతి రెండో ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది, ఈ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇప్పుడు ఏడోది. "వీటన్నిటికీ బదులు ఈ మూలికల పొడి వాడండి. మూడు రోజుల్లో నొప్పి మాయం. సైడ్ ఎఫెక్ట్స్ సున్నా." కింద ఒక ఫోన్ నంబరు.

మా మేనత్త వనస్థలిపురంలో ఉంటుంది. పోయిన దసరాకి వెళ్తే తలుపు తీసిన మనిషిని ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. ముఖం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా అయింది, చేతులు మాత్రం పుల్లల్లా ఉన్నాయి.

"ఏమైందత్తా, ముఖం గిట్ల ఉబ్బింది?"

"ఉబ్బుడేంది బిడ్డా, ఒళ్లు చేసిన. ఆకలి మంచిగైతుంది. మోకాళ్ల నొప్పి అస్సల్ లేదు."

వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన జిప్ కవర్లో గోధుమరంగు పొడి. పేరు లేదు, లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. అసలైన ఆయుర్వేద కంపెనీ మందుకి ఇవన్నీ ఉంటాయి. ఆరు నెలలుగా పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా. షుగర్ చూస్తే 318. ఆవిడకి అంతకుముందు షుగరే లేదు.

మూడు రోజుల్లో మోకాలి నొప్పిని మాయం చేసే మూలిక నాకు తెలియదు. ఆ పని చేసే మాత్ర మాత్రం తెలుసు, నా షాపులో అతి చవకైన వాటిలో అదొకటి: డెక్సామెథసోన్. స్టెరాయిడే! ఇలాంటి పొడుల్లో దాన్ని నూరి కలపడం మన దేశంలో కొత్తేమీ కాదు. ఆ కవర్లో ఉన్నదాన్ని ఎవరూ ల్యాబ్‌లో పరీక్షించలేదు. కానీ అత్త ఉదయం కార్టిసాల్ రిపోర్టు అట్టడుగున ఉంది. బయటి నుంచి రోజూ స్టెరాయిడ్ అందుతుంటే ఒంట్లో గ్రంథి పని మానేసి పడుకుంటుంది. అంటే మోకాల్లో కొలిచి వేసే ఒక్క డోసుకి భయపడి, ఎంతో తెలియని డోసుని రోజుకి రెండు చెంచాలు తినండి అని ఈ మెసేజ్ సలహా. శభాష్.

ఇది చదివి ఆ కవర్‌ని ఈ క్షణమే చెత్తబుట్టలో వేయకండి. నెలల తరబడి తిన్నవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. కవర్‌తో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అత్తకి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలే కొలిచి ఇచ్చి, వాటిని మెల్లగా తగ్గించుకుంటూ రావడానికి నెలలు పట్టింది.

ముఖం ఇప్పుడు మామూలుగానే ఉంది. మోకాలి నొప్పి మాత్రం తిరిగొచ్చింది. షుగర్ అదుపులో ఉందిగా, డాక్టర్‌ని అడిగి ఒక సూది వేయించుకోరాదా అన్నాను మొన్న.

"వద్దు బిడ్డా," అంది. "అది స్టెరాయిడంట గద, భయమైతది."